ఎండ కరెంటుకు నీటి తోడు

కర్నూలు: రాయలసీమలో ఎండకు కరవు లేదు. దాన్ని నమ్ముకునే ఓర్వకల్లు, గడివేముల మండలాల్లోని శకునాల, గని పరిధిలో 1,000 మెగావాట్ల సౌర పార్కు 2017లో వెలిసింది. 2015 నాటి ఎన్టీపీసీ వేలంలో ఇక్కడ యూనిట్ ధర రూ.4.63 పలికింది. 2017లో కడప పార్కుకు అది రూ.3.15కు దిగింది. పాతికేళ్ల కొనుగోలు ఒప్పందం పెట్టుబడిదారులకు భరోసా.

చిక్కల్లా పొద్దుగుంకిన తరువాతే. ఇళ్లలో వాడకం పెరిగే వేళకు సౌర ఉత్పత్తి ఆగిపోతుంది. అప్పుడు ఆర్టీపీపీ బొగ్గు, శ్రీశైలం నీరు దిక్కు. విద్యుత్తు కోసం శ్రీశైలం మట్టం తగ్గించేస్తే పోతిరెడ్డిపాడుకు నీరందదు. సీమ రైతుకు ఈ బాధ కొత్త కాదు.

ప్రస్తుత నంద్యాల జిల్లా పాణ్యం మండలం పిన్నాపురంలో గ్రీన్‌కో సంస్థ 1,680 మెగావాట్ల ప్రాజెక్టుకు 2022 మేలో శంకుస్థాపన జరిగింది. పగలు మిగులు విద్యుత్తుతో దిగువ జలాశయం నీటిని ఎగువకు తోడి, సాయంత్రం కిందికి వదిలి టర్బైన్లు తిప్పడం దీని విధానం. తోడేందుకు వాడిన విద్యుత్తులో దాదాపు ఐదో వంతు తిరిగి రాదు. నీరు మాత్రం అదే మళ్లీమళ్లీ తిరుగుతుంది. ఆవిరయ్యే మేరకు ఏటా గోరకల్లు జలాశయం నుంచి నింపుకోవాలి. ఎస్సార్బీసీ ఆయకట్టు రైతులు ఓ కన్నేసి ఉంచాల్సింది ఈ లెక్కపైనే.