అట్లాంటిస్ ఆఖరి ట్రిప్పు

2011 జూలై 8, శుక్రవారం. తెలంగాణ ప్రజాప్రతినిధుల మూకుమ్మడి రాజీనామాలు, ఆపైన 48 గంటల బంద్. ఆ వారం హైదరాబాద్‌లో ఏ పేపరు తెరిచినా అవే వార్తలు. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్ ఇళ్లలో రాత్రి భోజనాల వేళకు అమెరికాలోని ఫ్లోరిడాలో ఇంకా మధ్యాహ్నం కాలేదు. అక్కడ కెనెడీ అంతరిక్ష కేంద్రంలో అట్లాంటిస్ స్పేస్ షటిల్ కౌంట్‌డౌన్ సరిగ్గా 31 సెకన్ల దగ్గర ఆగిపోయింది. ఇంధన ట్యాంకు కొసన ఉండే ఇనుప చెయ్యి పూర్తిగా పక్కకు తప్పుకుందో లేదో అని అనుమానం. కెమెరాలో చూసి ఖాయం చేసుకున్నాక లెక్క మళ్లీ మొదలైంది. మన గడియారంలో 8 గంటల 59 నిమిషాలకు అట్లాంటిస్ లేచింది. 30 ఏళ్లలో అది 135వ షటిల్ ప్రయాణం. ఆఖరిది కూడా.

షటిల్ పేరు చెప్పగానే రెక్కలు గుర్తొస్తాయి గానీ, దాని గొప్పతనమంతా మోతలో ఉంది. వీపున 18 మీటర్ల పొడవు, 4.6 మీటర్ల వెడల్పున్న సామాను గది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి (స్పేస్ స్టేషన్‌కు) కావలసిన గదులను, సౌరఫలకాలను మోసే పెద్ద పెద్ద దూలాలను చాలావరకు దాన్లోనే పైకి చేర్చారు. కట్టడం పూర్తయింది, ఇక సరుకులు నింపాలి. అందుకే ఆఖరి ట్రిప్పులో ఇటలీలో తయారైన రఫాయెల్లో అనే పెద్ద డబ్బాను తిండి, బట్టలు, విడిభాగాలతో కుక్కి పంపారు. ఏడాదిపాటు ఇబ్బంది లేకుండా గడవాలని.

మామూలుగా ఆరేడుగురు వెళ్లే బండిలో ఈసారి నలుగురే వెళ్లారు: క్రిస్ ఫెర్గుసన్, డగ్ హర్లీ, శాండ్రా మాగ్నస్, రెక్స్ వాల్‌హైమ్. దీని వెనక కల్పనా చావ్లా ప్రాణం తీసిన 2003 నాటి కొలంబియా ప్రమాదం ఉంది. ఆ తర్వాత ఏ షటిల్ స్టేషన్‌కు వెళ్లినా, ఆపదొస్తే కాపాడి తేవడానికి మరొకటి ఉండేలా చూసుకున్నారు. ఆఖరిదానికి వెనక ఇంకేదీ లేదు. అట్లాంటిస్ దెబ్బతింటే రష్యా సోయజ్ నౌకలలో ఒక్కొక్కరుగా తిరిగి రావాలి. దానికి ఏడాది పట్టినా పట్టొచ్చు. అందుకే నలుగురికీ కొలతలు తీసి సోయజ్ సీట్లు, సూట్లు ముందే సిద్ధం చేశారు.

షటిల్ పోవడంతో స్టేషన్‌కు నీళ్లందే ఒక దారి పోయింది. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిపి కరెంటు తయారుచేసుకునే యంత్రాలు దానిలో ఉండేవి. ఆ కరెంటుతో పాటు మంచినీళ్లూ పుట్టేవి. వాటిని సంచులకు పట్టి స్టేషన్‌కు ఇచ్చి వచ్చేవారు. ఇప్పుడు అక్కడివాళ్లు ఎక్కువగా చెమటను, మూత్రాన్ని శుద్ధి చేసుకుని తాగుతున్నారు. బరువైన సామాను కిందికి దించే దారీ అప్పటికి మూసుకుపోయింది. చెడిపోయిన అమ్మోనియా పంపు ఒకటి అట్లాంటిస్‌తోనే నేలకు చేరింది.

జూలై 21న షటిల్ చివరిసారి నేలమీద వాలింది. వచ్చేముందు ఆ నలుగురూ 1981 నాటి మొట్టమొదటి షటిల్‌లో ఎగిరిన చిన్న అమెరికా జెండాను స్టేషన్‌లో వదిలారు. అమెరికా గడ్డ నుంచి తర్వాత వచ్చేవాళ్లు దాన్ని తీసుకెళ్లాలని ఒప్పందం. ఆ తర్వాత తొమ్మిదేళ్లు నాసా తన మనుషులను సోయజ్‌లోనే పంపింది. చివరికి ఒక్కో సీటు ధర 8 కోట్ల డాలర్లు దాటింది. 2020లో స్పేస్‌ఎక్స్ కంపెనీ నౌక డ్రాగన్‌లో వెళ్లి ఆ జెండాను తెచ్చింది ఎవరో కాదు, ఆఖరి షటిల్ పైలట్ డగ్ హర్లీయే.

ఆ డ్రాగన్‌లలో ఒకదానికి 2021 నవంబర్‌లో కమాండర్ రాజా చారి. తండ్రి శ్రీనివాస్ చారి ఇంజనీరింగ్ చదవాలని హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లారు. ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల నుంచి ఎందరో పిల్లలు పట్టే దారే అది. రాజా చారి నాసాకు ఎంపికైంది 2017లో, అంటే షటిళ్లు మ్యూజియం చేరాక. ఆరు నెలలు స్టేషన్‌లో ఉండి, 2022 మార్చిలో రెండుసార్లు బయటికొచ్చి మరమ్మతులు చేశారు. ఈ తరం కథలో మన ఊరి పేరు ఇలా చేరడం సంతోషించాల్సిన సంగతి.

షటిళ్లు కట్టిన ఆ స్టేషన్ సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున, గంటన్నరకో చుట్టు చొప్పున తిరుగుతోంది. ఎల్బీ నగర్ డాబా మీది నుంచి చూడటానికి టెలిస్కోపు అక్కర్లేదు. వీధి దీపాల వెలుగునూ తట్టుకుని కనిపిస్తుంది. పొద్దుగుంకిన కాసేపటికో తెల్లవారుజామునో, మిణుకుమిణుకుమనకుండా నిలకడగా కదిలే తెల్లటి చుక్క అదే. ఆకాశం దాటడానికి మహా అయితే ఆరు నిమిషాలు. వేళ, దిక్కు నాసా వారి స్పాట్ ది స్టేషన్ సేవలో ముందే తెలుస్తాయి. చూడాలనుకునే పిల్లలను త్వరలోనే డాబా ఎక్కించడం మంచిది. ఈ దశాబ్దం దాటాక స్టేషన్‌ను సముద్రంలో కూల్చాలని నాసా ఆలోచన. అందుకు కావలసిన నౌకను తయారుచేసే పనిని 2024 జూన్‌లో స్పేస్‌ఎక్స్‌కే అప్పగించింది.