నడిచి చూసి మాట్లాడదాం

చూడకుండానే తీర్పు చెప్పడం మనకు చాలా తేలిక. ఒక ఊరి గురించి, ఒక కుటుంబం గురించి, ఒక్కోసారి తోటి విశ్వాసి గురించి కూడా విన్న మాటను పట్టుకునే ఒక నిర్ణయానికి వచ్చేస్తాం.

అమెరికాలో పొటోమాక్ నదీలోయ వెంట కంబర్లాండ్ నుంచి వాషింగ్టన్ దాకా దాదాపు 297 కిలోమీటర్ల పొడవున చెసపీక్ అండ్ ఒహాయో అనే పాత కాలువ ఉంది. 1828లో పని మొదలై 1850లో పూర్తయింది. కంచర గాడిదలు గట్టు మీద నడుస్తూ బొగ్గు పడవల్ని తాళ్లతో లాగేవి. 1924 వరదల తర్వాత పడవలు ఆగిపోయాయి, గట్టు మీది కాలిబాట మిగిలింది. ఆ కాలువ వెంట కార్ల రోడ్డు వేయాలనే ప్రతిపాదన వచ్చింది. 1954 జనవరిలో 'వాషింగ్టన్ పోస్ట్' పత్రిక దాన్ని సమర్థిస్తూ సంపాదకీయం రాసింది.

అప్పటి సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం డగ్లస్ ఒక ప్రెస్బిటేరియన్ పాదిరి కుమారుడు. ఆ బాట ఆయనకు ఎంతో ఇష్టం. ఆయన పత్రికతో కలహానికి దిగలేదు. తనతో కలిసి ఆ దారంతా నడవమని, నడిస్తే మనసు మార్చుకుంటారని సంపాదకుణ్ణి ఆహ్వానిస్తూ ఉత్తరం రాశాడు. పత్రిక ఆ పిలుపును మన్నించింది. మార్చిలో కంబర్లాండ్ నుంచి 58 మంది బయల్దేరారు. ఎనిమిది రోజుల్లో మొత్తం దూరం నడిచింది తొమ్మిది మందే. సంపాదకులు ఆ తొమ్మిది మందిలో లేరు. అయినా నడిచిన మేరకే వారి ఆలోచన మారింది, పత్రిక తన వైఖరిని సవరించుకుంది. రోడ్డు రాలేదు. 1971లో ఆ కాలువ జాతీయ చారిత్రక ఉద్యానవనమైంది.

యోహాను సువార్త మొదటి అధ్యాయంలో నతనయేలుదీ ఇలాంటి కథే. నజరేతు నుంచి మంచిదేదైనా వస్తుందా అని అతని సందేహం. ఫిలిప్పు వాదించలేదు, వచ్చి చూడమన్నాడంతే. నతనయేలు తన అభిప్రాయాన్ని పట్టుకుని కూర్చోకుండా లేచి వెళ్లాడు. ఆ నాలుగడుగులూ వేసినందువల్లే యేసుప్రభువును కలుసుకోగలిగాడు.

ఒక సహోదరి నెల రోజులుగా ఆరాధనకు రాకపోతే, విశ్వాసం చల్లారిందని గుడి మెట్ల మీద నిలబడి చెప్పుకుంటాం. ఆమె ఇల్లు రెండు వీధుల అవతలే. మంచం పట్టిన అత్తగారిని వదిలి రాలేకపోతోందేమో వెళ్లి చూడం. సంఘ కాపరులమైన మేమూ ఈ తప్పుకు అతీతులం కాము. కమిటీలో కూర్చుని, గడప తొక్కని ఇళ్ల గురించి ఎన్నో తీర్మానాలు చేశాం.

ఎవరి గురించైనా మాట అనబోయే ముందు ఒక్కసారి వారి గుమ్మం దాకా నడుద్దాం. నతనయేలులా మన తలంపు తప్పని తేలినా, ఆ నడక వృథా కాదు.