జిరేనియము తైలము – మన నేలలకు తగునా?

తిరుమలాయపాలెము ప్రాంతమున ప్రత్తి, మిర్చి, మొక్కజొన్న పండించు కర్షకులలో పలువురు ఇటీవల జిరేనియము సాగును గూర్చి విచారించుచున్నారు. ఎకరమునకు లక్షల ఆదాయము వచ్చునను మాటలు ఊరూర వినబడుచున్నవి. క్రొత్త పైరును గూర్చి తెలిసికొనవలసినది దాని ధర యొక్కటియే కాదు. అది యే సీమలో పుట్టినది, ఎట్టి వాతావరణమున బ్రతుకును, సరకును కొనువారెవరు, చెడినప్పుడు నష్టము భరించువారెవరు అను నాలుగు సంగతులను విచారించిన పిమ్మటనే చేనిలో నాగలి పెట్టుట మేలు. కావున ఈ సంచికలో ఆ సంగతులను మాకు తెలిసినంతవరకు వివరించుచున్నాము.

మొక్క, దాని పుట్టుక

తైలము నిచ్చు జిరేనియము వేరు, పట్టణములలో పూలకుండీలయందు పెంచు జిరేనియము వేరు. కుండీలలోనిది పువ్వుల యందమునకే గాని, దాని ఆకులనుండి అమ్మదగిన తైలము రాదు. తైలపు మొక్క ఆకులు చీలికలుగా నుండి, వ్రేళ్ల నడుమ నలిపినంతనే గులాబీని పోలిన వాసన నిచ్చును. ఆకుపై నున్న సన్నని నూగు మొనలయందు తైలము నిలిచియుండుటయే ఇందుకు కారణము. వృక్షశాస్త్రజ్ఞులు దీనిని పెలార్గోనియము అను జాతిలో చేర్చిరి. 1753లో లిన్నేయసు దీనిని జిరేనియముతో కలిపి యుంచగా, 1789లో లెరిటియే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వేరుచేసెను. అయినను వ్యాపారములో పాతపేరే నిలిచినది.

దీని పుట్టినిల్లు దక్షిణాఫ్రికా. అచ్చటినుండి ఐరోపాకు పోయి, 19వ శతాబ్దమున ఫ్రాన్సులోని గ్రాస్ పట్టణపు పరిసరములలో తైలముకొరకు సాగయ్యెను. పిమ్మట అల్జీరియాకును, హిందూ మహాసముద్రములోని రీయూనియన్ దీవికిని వ్యాపించెను. ఆ దీవికి పూర్వము బూర్బోన్ అను పేరుండుటచే అచ్చటి తైలమునకు నేటికిని బూర్బోన్ జిరేనియమనియే పేరు. ఇప్పుడు ఈజిప్టు, చైనా దేశములు ఎక్కువగా ఉత్పత్తి చేయుచున్నవి. మన దేశమున ఇది మొదట తమిళదేశపు కొండలయందు, అనగా ఏర్కాడు, నీలగిరి, కొడైకెనాలు ప్రాంతములయందు కుదురుకొన్నది. ఇది యంతయు చల్లని కొండగాలి వీచు చోటని పాఠకులు గమనింతురుగాక.

తైలము విలువకు కారణము

ఒక కిలో గులాబీ తైలము తీయుటకు సుమారు 4,000 కిలోల పువ్వులు కావలయును. అందుచే దాని వెల సామాన్యులకు అందదు. జిరేనియము ఆకులలో గులాబీయందున్న సిట్రొనెల్లాల్, జిరానియాల్ అను సుగంధ పదార్థములే ముఖ్యముగా నున్నవి. సబ్బులు, అత్తరులు, ముఖలేపనములు చేయువారు దీనిని గులాబీకి మారుగా వాడుదురు. మన దేశములో తయారగునది దేశపు అవసరములకు చాలక, విదేశములనుండి దిగుమతి యగుచున్నది. గిరాకి యున్నదనుట నిజమే. గిరాకి యున్నంతమాత్రమున ప్రతి నేలయు దానికి తగునని చెప్పరాదు.

మన వాతావరణము

జిరేనియమునకు మితమైన చలి, నీరు నిలువని నేల, పొడిగాలి యిష్టము. ఖమ్మము సీమలో చైత్ర వైశాఖములయందు ఎండ 40 డిగ్రీలను దాటును. ఆషాఢమునుండి భాద్రపదమువరకు వానలు విడువక కురియును. ఈ రెండును దానికి శత్రువులే. ఎండకు ఆకు మాడి తైలము తగ్గును. వానకు వేరు కుళ్లి, మొక్క ఒకటి రెండు దినములలోనే వాడిపోవును. నల్లరేగడిలో నీరు నిలుచును గనుక అందు నాటుట తగదు. నీరు దిగిపోవు ఎర్ర చల్క నేలయే మేలు.

మిర్చి రైతులు మఱియొక సంగతి గమనింపవలెను. మిర్చి, టమాట, వంగ పైరులను వాడజేయు బాక్టీరియా ఎండు తెగులును, వేరుముడి నులిపురుగులును జిరేనియమును కూడ పట్టును. అట్టి తెగులు కనబడిన చేనిలో దీనిని నాటుట కోరి నష్టము తెచ్చుకొనుటయే యగును.

మైదానములలో దీనిని పండించు ఉపాయమొకటి కలదు. 1959లో ఏర్పడి ఇప్పుడు లక్నోలో నున్న కేంద్రీయ ఔషధ సుగంధ మొక్కల సంస్థ (సీమాప్) వారు, వానకాలమున తల్లిమొక్కలను చవుకయైన పాలిథీను కప్పు క్రింద కాపాడి, చలికాలమున వానినుండి క్రొత్త మొక్కలను తీసి నాటు పద్ధతిని ప్రచారము చేసిరి. అనగా కొండలమీద ఏండ్ల తరబడి నిలుచు మొక్క, మన వద్ద ఒక ఋతువు పైరు మాత్రమే యగును. ఈ భేదమును మఱచినవారి లెక్కలన్నియు తప్పును.

సాగు విధానము

ఈ మొక్క మన దేశమున విత్తనము కట్టదు. కొమ్మ చివరలనుండి జానెడు లోపు ముక్కలను, మూడు నాలుగు కణుపులుండునట్లు కత్తిరించి, ఇసుకయు మాగిన పశువుల ఎరువును కలిపిన నారుమడిలో నీడపట్టున నాటవలెను. ఇంచుమించు నెలన్నరకు వేరుపట్టును. కార్తిక మార్గశిర మాసములలో ఎత్తైన బోదెలపై రెండేసి అడుగుల ఎడమున నాటిన, ఎకరమునకు సుమారు 11 వేల మొక్కలు పట్టును. బిందుసేద్యమున నీరు పెట్టుట శ్రేష్ఠము. మొదటి రెండు నెలలు కలుపు లేకుండ చూడవలెను.

నాటిన నాలుగు నెలలకు కోతకు వచ్చును. కోతకు తగిన సమయమును ముక్కుతోనే కనిపెట్టవచ్చును. లేత ఆకు నలిపినప్పుడు నిమ్మవాసన హెచ్చుగా నుండును. ఆకు కొంచెము పసుపు తిరిగి, నిమ్మవాసన తగ్గి గులాబీవాసన పైకి వచ్చునప్పుడు కోయవలెను. ఎండలు ముదురక మునుపే మొదటి కోత ముగియునట్లు నాటుటయే మన సీమలో మెలకువ.

బట్టీయందలి పని

కోసిన ఆకును నీడలో కొన్ని గంటలు వాడనిచ్చి బట్టీలో నింపుదురు. క్రిందినుండి నీటి ఆవిరి ఆకుల గుండా పోవునప్పుడు తైలమును తనతో తీసికొనిపోవును. ఆ యావిరి చల్లని నీటిలో నుంచిన గొట్టము గుండా పోయి మరల ద్రవమగును. తైలము నీటికంటె తేలిక గనుక పైకి తేలును, దానిని వేరుచేసి పట్టుకొందురు. బట్టీ తుప్పుపట్టని ఉక్కుతో చేసినదై యుండవలెను. మామూలు ఇనుపబట్టీలో తీసిన తైలము రంగు చెడి ధర తగ్గును. తీసిన తైలములో నీటి తడి లేకుండ చేసి, అల్యూమినియము డబ్బాలలోగాని ముదురు రంగు గాజుసీసాలలోగాని మూతివరకు నింపి, చల్లని చీకటిగదిలో నిలువ చేయవలెను. ప్లాస్టిక్ డబ్బాలు పనికిరావు.

బట్టీకి వంటచెరకు చాల కావలయును. అడవి దగ్గర నున్నదని రిజర్వు అడవి కట్టెను కొట్టితెచ్చుట నేరము, పైగా మన అడవికే చేటు. మన చేలలో ఏటేట తగులబెట్టు ప్రత్తికట్టెయు, మిరపకట్టెయు, తైలము తీసి ఎండబెట్టిన పిప్పియు ఈ పనికి చాలవరకు సరిపోవును. మిగిలిన పిప్పి కుళ్లబెట్టిన మంచి ఎరువగును.

రాబడి లెక్క

పచ్చి ఆకులో తైలము వేయింటికి ఒక వంతు మొదలు ఒకటిన్నర వంతు వరకు, అనగా టన్నుకు 1 కిలో మొదలు ఒకటిన్నర కిలో వరకు మాత్రమే యుండును. ఎకరమునకు ఒక కోతలో 5 టన్నుల ఆకు వచ్చెనని ఉదాహరణకు తీసికొందము. తైలము 5 కిలోలు, బహు మంచిదైన ఏడున్నర కిలోలు. మొక్క యొక్కటి 5 రూపాయలకు కొన్నచో 11 వేల మొక్కలకు 55 వేల రూపాయలు మొదటనే చెల్లింపవలెను. కూలి, నీరు, ఎరువు, బట్టీ ఖర్చు దీనికి వేరు. వానలకు తోట పోయినచో ఆ 55 వేలు మరుసటి యేట మరల పెట్టవలసి వచ్చును. ఈ అంకెల చోట అప్పటి ధరలను వేసికొని ప్రతి రైతును తన లెక్కను తానే చేసికొనవలెను.

మన సీమకు చుట్టమైన గడ్డి

జిరేనియము తైలమును తలచువారు పామరోజా గడ్డిని మఱువరాదు. దీనికి రోషా గడ్డియనియు పేరు. ఇది పరదేశపు మొక్క కాదు, మన దేశపు అడవులలో తనంత తానుగా పెరుగునది. ఖాందేశ్, నీమాడ్ సీమలలో పూర్వము దీని తైలము తీసి బొంబాయి రేవుగుండా తురుష్కదేశమునకు పంపుచుండిరి. అచ్చట గులాబీ అత్తరులో కలుపుచుండిరి. అందుచే ఐరోపా వర్తకులు దీనికే "తురుష్క జిరేనియ" మనియు, "హిందూదేశపు జిరేనియ" మనియు పేరు పెట్టిరి. 1871లో జాకబ్సన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు జిరానియాలును ఈ గడ్డి తైలమునుండియే వేరుచేసెను. ఈ తైలములో నూటికి 75 పాళ్లకు పైగా ఆ పదార్థమే యుండును.

వానాకాలమున నారు పోసి, నెల నెలన్నర వయస్సున నాటిన ఈ గడ్డి ఎండకు ఓర్చును, నాలుగైదేండ్లు నిలుచును. ఏటికి రెండు మూడు కోతలు వచ్చును. దీనిని పశువులు సామాన్యముగా మేయవు. అడవి అంచున పొలములున్నవారికి ఇది చిన్న మేలు కాదు. పచ్చిగడ్డి టన్నుకు ఇంచుమించు 5 కిలోల తైలము వచ్చును. ఉదాహరణకు తీసికొన్న ఆ 5 టన్నులే వచ్చినచో 25 కిలోలు. జిరేనియము కిలో ధర పామరోజా ధరకు నాలుగు రెట్లున్నదనుకొన్నను, 5 కిలోల జిరేనియము 20 కిలోల పామరోజాకే సమానము. నారు ఖర్చు తక్కువ, ఏటేట నాటు పని లేదు. ఈ పోలికను కర్షకులు మనసున పెట్టుకొనవలెను.

సంఘముగా చేయదగిన పని

ఎకరము అర ఎకరము గల రైతు ఒక్కడే బట్టీ పెట్టుకొనజాలడు. కోసిన ఆకును దూరపు బట్టీకి మోసికొనిపోవుటలో లాభము హరించిపోవును. కావున మొక్క నాటుటకు ముందే బట్టీ యెచ్చట నున్నదని విచారింపవలెను. పదిమంది కలిసి వరుసగా నాటి, వరుసగా కోసినయెడల బట్టీ ఖాళీగా నుండదు, ఆకు కుప్పలో వేడెక్కి చెడదు. తైలము నంతయు ఒకచోట చేర్చి ప్రయోగశాలలో పరీక్ష చేయించి అమ్మిన, కొనువాడు వంక పెట్టజాలడు. ఒకడు కల్తీ చేసిన పదిమంది పేరును చెడును. తైలపు చుక్కను తెల్లకాగితముపై వేసి ఆరనిచ్చినప్పుడు జిడ్డు మరక మిగిలెనేని, అందు వంటనూనె వంటిది కలిసినదని తెలిసికొనవలెను.

మొక్కలను అమ్మువారు "తైలమును మేమే కొందుము" అని చెప్పుదురు. ఆ మాట వ్రాతపూర్వకముగా నుండవలెను. ధర, గడువు, తూకము, పరీక్ష జరుగు చోటు అందు స్పష్టముగా నుండవలెను. మొక్కలు అమ్ముటతోనే లాభము తీసికొన్నవానికి తైలము కొనవలసిన అగత్యముండదు.

2017లో భక్త రామదాసు ఎత్తిపోతల పథకము మూలమున పాలేరు నీరు ఈ మెట్టలకు ఎక్కినది. ఎంతోకాలము కరవు చూచిన నేలకు వచ్చిన ఆ నీటిని తెలివిగా వాడుకొనవలెను. ఆ యేటనే సీఎస్ఐఆర్ వారు అరోమా మిషన్ ప్రారంభించిరి. హైదరాబాదులోని బోడుప్పల్‌నందు సీమాప్ పరిశోధన కేంద్రము కలదు. నారును గూర్చియు, రకములను గూర్చియు అచ్చటి శాస్త్రజ్ఞులను అడిగి తెలిసికొనుట వర్తకుల మాట వినుటకంటె మేలు.

మొత్తముపై మా అభిప్రాయ మిది. జిరేనియమును ఈ యేడు రెండు మూడు గుంటల చల్క నేలలో మాత్రమే పరీక్షగా నాటి, తల్లిమొక్కలను ఒక వానకాలము దాటించి చూడవలెను. ప్రత్తి మిర్చిని పెరికి, అప్పు తెచ్చి ఎకరములకొలది నాటుట వివేకము కాదు. నీరు చాలని మెట్టలలో పామరోజాను కొంత విస్తీర్ణమున వేయవచ్చును. పరీక్షగా నాటినవారు నాటిన తేదీ, బ్రతికిన మొక్కల లెక్క, కోసిన ఆకు తూకము, వచ్చిన తైలము ఒక పుస్తకమున వ్రాసియుంచి సంఘమునకు తెలుపగోరుచున్నాము. మన నేలమీద మనము వ్రాసికొన్న ఆ నాలుగు అంకెలే రేపు తోటి కర్షకుల అప్పులను తప్పించును.