పాత ల్యాప్‌టాప్‌లో కొత్త గట్లు

2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ సాధారణ పోషణను నిలిపివేసింది. పేరు నమోదు చేసుకొన్న గృహ వినియోగదారులకు మాత్రం భద్రతా సవరణల నిమిత్తం మరొక సంవత్సరం గడువు ప్రకటించింది. విండోస్ 11 కావలెనన్న టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండవలెను. ఇంటెల్ ప్రాసెసర్లలో ఎనిమిదవ తరానికి మునుపటివి దాదాపు అన్నీ అనర్హములే. అందుచేత మిస్సిసాగాలోనో కాల్గరీలోనో మన బేస్‌మెంటు అలమరలో ఉన్న 2015 నాటి ల్యాప్‌టాప్, తెర చక్కగా ఉండి, కీబోర్డు గట్టిగా ఉండి కూడా, పనికిరానిదన్న పేరు తెచ్చుకొన్నది. దానిలో లినక్స్ స్థాపించినచో మరికొన్ని సంవత్సరములు నిక్షేపంగా పనిచేయగలదు. అయితే ఉన్న విండోస్‌ను ఉంచుకొంటూ లినక్స్‌కు చోటివ్వాలంటే హార్డ్ డిస్కును తిరిగి విభజింపవలెను. విభజన అన్న మాట మనవారికి వేరే సంగతులను స్ఫురింపజేయవచ్చును గాని, ఇక్కడి విభజన అంతకంటె చాలా సులభమైనది.

హార్డ్ డిస్కును ఒక పెద్ద పొలముగా ఊహించండి. దానిలో సెక్టార్లనబడే చిన్న మళ్లు కోట్ల సంఖ్యలో వరుసగా ఉంటవి. సామాన్యంగా ఒక్కొక్క మడి 512 బైట్ల సమాచారమును పట్టును. పాత పద్ధతిలో మొట్టమొదటి మడియే పట్టాదారు పుస్తకము. అందులో 446 బైట్లు యంత్రమును మేల్కొలిపే చిన్న ప్రోగ్రాముకు, చివరి 2 బైట్లు ముద్రకు పోగా, మిగిలిన 64 బైట్లలో నాలుగు భాగముల వివరములు వ్రాయబడి ఉంటవి: ఫలానా భాగము ఎక్కడ మొదలు, ఎంత పొడవు, ఏ రకము. అంతే! ఇంటిల్లిపాది ఫోటోలు, ఆదాయపు పన్ను కాగితములు ఉన్న ఆస్తి అంతటికీ హద్దులు ఆ 64 బైట్లలోనే ఉన్నవన్నమాట. డిస్కు మీద గోడలేమీ కట్టబడవు.

ఆ పద్ధతిలో రెండు టెరాబైట్లకు మించిన డిస్కును లెక్కించుట సాధ్యము కాదు. కనుక తరువాత వచ్చిన జీపీటీ పద్ధతిలో సామాన్యంగా 128 భాగములకు చోటు కల్పించి, పట్టికకు ఒక నకలును డిస్కు చివర కూడా దాచిరి. రిజిస్ట్రారు కచేరీలో రెండవ ప్రతి ఉంచినట్లు.

హద్దులు మార్చుట ఇంత తేలికైనప్పుడు భయమెందుకు? ఏలయన, ప్రతి భాగము లోపల మరొక దస్తరము ఉన్నది. దానిని ఫైల్ సిస్టం అందురు. విండోస్‌లో దాని పేరు ఎన్‌టీఎఫ్‌ఎస్. ఏ ఫైలులోని ఏ ముక్క ఏ మడిలో ఉన్నదో చెప్పే కరణంగారి లెక్క అది. పొలము చివరనున్న పంటను ఇవతలకు మార్చి, కరణంగారి లెక్క సరిదిద్ది, ఆ తరువాతనే గట్టు జరపవలెను. గట్టు ముందు జరిపితే పంట పొరుగువాని పాలు. ఈ మార్పిడి జరుగుచుండగా బ్యాటరీ అయిపోయినచో సగము లెక్క పాతది, సగము కొత్తది అవును. కనుక ఛార్జరు తగిలించకుండ ఈ పనికి పూనుకొనరాదు.

అన్నిటికంటె ముందు ఫైళ్లను వేరొక డిస్కులోనికి నకలు తీసి, మరొక కంప్యూటరులో నాలుగైదు తెరచి చూడవలెను. తెరచి చూడని నకలును నకలుగా లెక్కించలేము. డిస్కు బిట్‌లాకర్‌తో సంకేతబద్ధమై ఉన్నచో దాని 48 అంకెల తాళమును కాగితము మీద వ్రాసుకొనవలెను. విండోస్‌లోని ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపివేయవలెను. అది ఉన్నంతవరకు షట్‌డౌన్ చేసినను విండోస్ సగము నిద్రలోనే ఉండి, తన దస్తరమును తెరచియే ఉంచును.

భాగమును కుదించుటకు విండోస్‌లోనే ఉన్న డిస్క్ మేనేజ్‌మెంట్ ఉత్తమము. 200 గిగాబైట్లు ఖాళీ ఉన్నను అది 60 మాత్రమే ఇవ్వగలనని చెప్పవచ్చును. పేజ్ ఫైలు వంటి కదలని ఫైళ్లు పొలము నడుమ బండరాళ్లవలె ఉండుటయే కారణము. ఖాళీ అయిన చోటును అట్లే వదలి, యూఎస్‌బీ నుండి లినక్స్ స్థాపించినచో అది అక్కడ ఎక్స్‌ట్4 భాగమును తయారుచేసుకొనును. ఈఎఫ్‌ఐ అని పిలువబడే చిన్న భాగము మాత్రము రెండు వ్యవస్థలకు ఉమ్మడి వాకిలి. దానిని ఫార్మాట్ చేసినచో విండోస్‌కు దారి మూసుకొనిపోవును.

మన ఇండ్లకు ప్రత్యేకమైన చిక్కు మరొకటి ఉన్నది. తెలుగు లిపి 1991లోనే యూనికోడ్ మొదటి ప్రతిలో చేరినను, వాడుకలోనికి రావడానికి చాలా ఏండ్లు పట్టినది. అంతవరకు మనవారు వాడిన అనేక ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తెలుగు రూపములను కూర్చిరి. ఆ రోజులలో టైపు చేసిన అమ్మమ్మ కథలు, సంఘపు కరపత్రములు ఆ ఫాంటు లేనిచోట అర్థము లేని ఇంగ్లీషు గీతలుగా కనబడును. ఫైలు భద్రముగానే ఉండును, చదువుటకే వీలుండదు. కనుక విండోస్ నడుచుచుండగానే వాటిని పీడీఎఫ్‌లుగా మార్చుకొని, ఆ ఫాంటు ఫైలును కూడా వెంట తీసుకొనిపోవలెను.

కెనడాకు ఈ రంగము కొత్తది కాదు. 1995 నుండి ఓపెన్‌బీఎస్‌డీ అనే వ్యవస్థ కాల్గరీ కేంద్రముగా రూపొందుచున్నది. ఒట్టావాకు చెందిన కోరెల్ సంస్థ 1999లో డెబియన్ ఆధారముగా ఒక లినక్స్‌ను గృహస్థుల కొరకు విడుదల చేసినది గాని, అది ఎక్కువ కాలము నిలువలేదు. డెబియన్ మాత్రము నిలిచినది. దాని స్థాపన తెరపై మొదట అడిగే ప్రశ్న భాషను గూర్చినదే. ఆ జాబితాలో తెలుగు కూడా ఉన్నది.

ఇక విండోస్ అక్కరలేదని డిస్కు అంతా లినక్స్‌కు ఇచ్చువారికి, లేదా 1993లో మొదలైన కంప్యూటర్స్ ఫర్ స్కూల్స్ వంటి పథకమునకు ల్యాప్‌టాప్ దానము చేయువారికి ఒక మాట. భాగమును తొలగించుట అనగా పట్టిక నుండి పేరు కొట్టివేయుట మాత్రమే. పంట పొలములోనే ఉండును. టెస్ట్‌డిస్క్ వంటి ఉచిత పరికరముతో ఎవరైనను తిరిగి వెలికితీయవచ్చును. పొరపాటున భాగము తొలగించినవారికి ఇది వరము, దానము చేయువారికి ప్రమాదము. వారు డిస్కు మొత్తము మీద సున్నాలు వ్రాయించి ఇవ్వవలెను. పాత డిస్కులో ఈ పనికి కొన్ని గంటలు పట్టును.