ఛాత్రోపాధ్యాయుని తొలి పాఠము

ఉపాధ్యాయ వృత్తికై శిక్షణ పొందుచున్న విద్యార్థిని ఛాత్రోపాధ్యాయుడందురు. అతడు కళాశాలలో బోధనాపద్ధతులను నేర్చును; పిదప పాఠశాలకు వచ్చి నిజమైన తరగతిలో బోధించును. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014లో చేసిన నియమములలో, బి.యిడి. విద్యార్థుల పాఠశాలానుభవమునకు 20 వారములు నిర్ణయింపబడినవి: మొదటి సంవత్సరమున 4, రెండవ సంవత్సరమున 16.

పద్ధతులన్నియు గ్రంథములలో నుండగా ఇన్ని వారము లెందులకు? మామిడితోటలకు పేరొందిన నూజివీడు ప్రాంతమున, ఒక పల్లె పాఠశాలకు ఆంగ్లము బోధింప వచ్చిన ఛాత్రోపాధ్యాయుని ఊహింపుడు. అతని చేతిలో నిమిషములవారీగా వ్రాసికొన్న పాఠ్యపథకము కలదు. అతడు ప్రశ్న వేయును. తరగతి మౌనము వహించును. తుదకొక బాలుడు లేచి 'స్కూల్' అనుటకు 'ఇస్కూలు' అనును. ఒక బాలిక 'ఐ మ్యాంగో ఈట్' అనును. పథకములో ఇందులకు సమాధానము లేదు.

అతడు విసుగుకొన్నచో ఆ పిల్లలు మరల నోరు విప్పరు. ఆలోచించినచో కారణము గోచరించును. తెలుగు పదములు సాధారణముగా అచ్చుతో ముగియును. కనుకనే 'బస్' మన నోట 'బస్సు' అగును. పదము మొదట 'స్కూ' వంటి సంయుక్తాక్షరము పలుకుట కష్టమైనందున ముందొక ఇకారము చేరును. తెలుగున క్రియ వాక్యాంతమున నుండును. ఆంగ్లమున కర్తకును కర్మకును నడుమ నుండును. కాగా ఆ తప్పులు మందబుద్ధి వలన కలిగినవి కావు, మాతృభాష అలవాటు వలన కలిగినవి.

ఈ సంగతి గ్రహించినవాడు మరునాడు పథకమును మార్చును. నల్లబల్లపై ఒక బంగినపల్లి పండును, ఒక చిన్నరసమును చిత్రించి, దేనిని కోసి తినవలెనో, దేనిని జుర్రవలెనో అడుగును. ఆ విషయమున పిల్లలే గురువులు! చెప్పవలెనను కోరిక పుట్టగానే వారే మాటలు వెదకుకొందురు. 'మ్యాంగో' అను మాట మలయాళము నుండి పోర్చుగీసువారి ద్వారా ఆంగ్లమునకు చేరినదని వినగానే, ఆ భాషయు అంత పరాయిదిగా తోచదు.

మామిడి అంటు కట్టువారు కుండీలోని టెంకమొక్క కాండమును, తల్లిచెట్టు కొమ్మను చెక్కి, ఒకదానికొకటి చేర్చి కట్టుదురు. రెండును అతుకుకొనిన పిదపనే కొమ్మను తల్లిచెట్టు నుండి వేరు చేయుదురు. తొందరపడినచో కొమ్మ ఎండిపోవును. కళాశాల చదువు ఆ కొమ్మ వంటిది. తరగతి ఆ టెంకమొక్క వంటిది. ఆ 20 వారములు అవి అతుకుకొను కాలము.

బాలబాలికలారా! మీ పాఠశాలకు ఛాత్రోపాధ్యాయులు వచ్చినపుడు వారి తడబాటును చూచి నవ్వకుడు. అర్థము కానిచో కాలేదని నిర్భయముగా చెప్పుడు. మీ సందేహమే వారికి తొలి పాఠము.