శంకరశాస్త్రి రాకముందు

కె.విశ్వనాథ్ పేరెత్తితే చాలు, మా మేనల్లుడు ‘శంకరాభరణం’ దగ్గర మొదలుపెడతాడు. వాడొక్కడే కాదు, లోకమంతా అంతే. 1980 ఫిబ్రవరి 2న విడుదలైన ఆ ఒక్క సినిమా, అంతకు ముందు పదిహేనేళ్లపాటు ఆయన తీసిన ఇరవైకి పైగా సినిమాలను అటకెక్కించేసింది. ఆదివారం రాత్రిళ్లు అక్కావాళ్లింట్లో అందరం చేరి పాత సినిమా పెట్టుకుని వాదులాడుకోవడం మాకు అలవాటు. ఈమధ్య వంతు వీటిదే.

నాది తెనాలిలో మైక్‌సెట్ కొట్టు. ఆ సినిమాల్లో సగం నేను చూడకముందే వినేశాను, పెళ్లిపందిళ్లలో రికార్డులు వేస్తూ. అందుకేనేమో, విశ్వనాథ్‌ గారిని అందరూ సంగీతం మనిషంటుంటే నాకు సౌండు మనిషిగానే కనిపిస్తాడు. ఆయన మొదటి ఉద్యోగమూ అదే. రేపల్లె దగ్గర పెదపులివర్రులో 1930లో పుట్టి, చదువు కాగానే మద్రాసు వాహినీ స్టూడియోలో శబ్దగ్రహణ విభాగంలో చేరాడు. తర్వాత ఆదుర్తి సుబ్బారావు దగ్గర పనిచేశాడు. అక్కినేనితో ‘ఆత్మగౌరవం’ తీసి దర్శకుడయ్యాడు.

‘చెల్లెలి కాపురం’ (1971) చూడండి. శోభన్‌బాబంటే ఆడపిల్లలు ఫొటోలు దాచుకునే కాలం. ఆ అందాన్ని మూలన పెట్టి, ఆయన చేత బీద కవి వేషం వేయించాడు. చెల్లెలి కోసం తన కవిత్వాన్ని స్నేహితుడి పేరు మీదికి వదిలేసుకునే అన్నయ్య. ఆ స్నేహితుడు నాగభూషణం. పేరు వాడిది, మాట వీడిది. ‘చరణ కింకిణులు’ పాటలో బాలు గొంతుకి వాణిశ్రీ ఆడుతుంటే, రాసిందెవరో చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. నిజంగా ఆ పాట రాసింది సినారె. ఆ రికార్డు వేసేటప్పుడు నేను ట్రెబుల్ సగానికి తగ్గించేవాణ్ణి. లేకపోతే ఆ ‘క’లూ ‘ఘ’లూ గజ్జెలతో కలిసి హారన్లో చిటపటలాడేవి. వేగం పెరిగేకొద్దీ నా చెయ్యి నాబ్ మీదే. అంత దగ్గరగా విన్నాక, పాట వేడుకకి పెట్టింది కాదని, కథలో ముడి విప్పేది అదేనని అర్థమైంది.

‘సిరిసిరిమువ్వ’ (1976) ఇంకో మెట్టు పైన. జయప్రదకి అందులో మాట రాదు. హీరోయిన్‌కి డైలాగు లేకుండా సినిమా నడపాలంటే గుండె కావాలి. ఆమెకి గజ్జె, చంద్రమోహన్‌కి డప్పు ఇచ్చాడు. డప్పుది బరువైన మోత, గజ్జెది సన్నని రవళి. ఎంత పాత పెట్టెలో విన్నా ఆ రెండూ ఒకదాన్నొకటి మింగవు. ఒకరడిగితే ఇంకొకరు జవాబిచ్చినట్టే ఉంటుంది. దీన్నే 1979లో ‘సర్గమ్’గా హిందీలో తనే తీశాడు, జయప్రదతోనే. ‘శంకరాభరణం’లో శంకరశాస్త్రి గొంతెత్తడానికి ముందే ఈ పని అంతా అయిపోయింది.

ఇది నా వాదన. అక్క ఒప్పుకోదు. “నీ చెవుల గోల నీది. ఆయనకి కావాల్సింది దిక్కుతోచని ఆడది, ఆమె వెతుక్కునే దారి” అంటుంది. తన ఓటు ‘ఉండమ్మా బొట్టు పెడతా’కి (1968). ఇల్లు విడిచి వెళ్లిపోతున్న లక్ష్మీదేవిని, నేను బొట్టు తెచ్చేదాకా కదలనని మాటివ్వమ్మా అని అడుగుతుంది ఆ ఇంటి కోడలు జమున. దేవత సరేనంటుంది. కోడలు వెళ్లి బావిలో దూకుతుంది. ఆమె తిరిగి రాదు కాబట్టి లక్ష్మి ఇక కదలడానికి లేదు. చిన్నప్పుడు అమ్మమ్మలు చెప్పిన కథే. తెర మీద చూస్తే మాత్రం ఒళ్లు జలదరిస్తుంది. ఇంటికోసం ఆడది చావడమేంటని మేనల్లుడి భార్య గొడవపెట్టుకుంది. న్యాయమే. అక్క దానికి జవాబుగా ‘ఓ సీత కథ’ (1974) ముందుకు తెచ్చింది. అందులో సీత చావదు. తనను వేధించినవాడి తండ్రిని పెళ్లాడి, వాడికి తల్లిగా ఆ ఇంట్లో అడుగుపెడుతుంది. కె.బాలచందర్ దీన్నే తమిళంలో ‘మూండ్రు ముడిచ్చు’గా తీశాడు. శ్రీదేవి, కమల్, రజనీల సినిమాగా దానికున్న పేరులో పదోవంతు కూడా మన సీతకి మిగల్లేదు. వేటూరి సినిమా పాటల ప్రయాణం మొదలైందీ ఇక్కడే.

అన్నీ ఇలాంటివేనని చెప్పను. ‘కాలాంతకులు’ (1978) నాకెక్కలేదు. బావకి మాత్రం శోభన్‌బాబున్నాడు కాబట్టి అదీ గొప్పదే. ‘నేరము శిక్ష’ (1973) బాగుంటుంది, కృష్ణ చేశాడు. తమిళంలో ఎమ్జీఆర్ చేశాడంటే కథలో సత్తువెంతో తెలుస్తుంది. కానీ దర్శకుడి పేరు తీసేస్తే ఎవరిదో పోల్చుకోవడం కష్టం.

ఎక్కడ మొదలుపెట్టమంటావని మేనల్లుడు అడిగితే ‘సీతామాలక్ష్మి’ (1978) అన్నాను. పల్లెటూరి సినిమాహాలు దగ్గర తిరిగే చంద్రమోహన్, తాళ్లూరి రామేశ్వరి జంట. పిల్ల మద్రాసు వెళ్లి హీరోయినవుతుంది. సినిమా పిచ్చి మీద ఆ పిచ్చి ఉన్నవాడే తీసిన సినిమా. ‘మామ’ కె.వి.మహదేవన్ సంగీతం, కృష్ణశాస్త్రి రాసిన పాట కూడా ఉంది. అక్క వెంటనే అందుకుంది: వాడికి ముందు చూపించాల్సింది ‘శారద’ అట, భర్త పోయాడంటే నమ్మని పిచ్చితల్లి కథ. వచ్చే ఆదివారం ఏది పెట్టాలో ఇంకా తేలలేదు.