అంటు కట్టిన చెయ్యి

తృతీయ సంవత్సరం బి.ఎస్‌సి. (బి.జెడ్.సి.)

మా బాబాయి ఆపరేషను చేయించుకుని ఇంటికొచ్చిన రోజున, చూడవచ్చినవాళ్ళలో సగంమంది ఆ చేతిని వేలితో నొక్కి చూశారు. "ప్లాస్టిక్ ఎక్కడ వేశార్రా?" అని మా పెదతాత నన్ను పక్కకు పిలిచి అడిగాడు. అప్పటికి నేను ఇంటర్మీడియెట్‌లో ఉన్నాను. నాకూ తెలియదు. తెలియదని చెప్పడానికి సిగ్గుపడి, "లోపల ఉంటుంది తాతా" అన్నాను. ఆ అబద్ధానికి పరిహారంగానే ఈ వ్యాసం రాస్తున్నాననుకోండి.

గ్రీకు భాషలో 'ప్లాస్టికోస్' అంటే మలచడానికి వీలైనది అని అర్థం. 1818లో గ్రేఫే అనే జర్మన్ వైద్యుడు ముక్కు శస్త్రచికిత్స మీద రాసిన గ్రంథానికి 'రైనోప్లాస్టిక్' అని పేరు పెట్టాడు. మనం బిందెలూ బకెట్లూ చేసుకునే ప్లాస్టిక్ అప్పటికి పుట్టనే లేదు. బేకలైట్ వచ్చిందే 1907లో. కాబట్టి బాబాయి చేతిలో ఉన్నదంతా బాబాయిదే. కొంత తొడది, కొంత గజ్జల దగ్గరది, అంతే తేడా.

ప్లాస్టిక్ సర్జరీ అనగానే సినిమా తారల ముక్కులే మనకు గుర్తుకొస్తాయి. వాటి గురించి వారపత్రికలు రాస్తూనే ఉన్నాయి గనుక నేను ఆ జోలికి పోను. కాలినవాళ్ళకూ, గ్రహణం మొర్రితో పుట్టిన పిల్లలకూ, కుష్ఠువ్యాధిలో వేళ్ళు వంకరపోయినవాళ్ళకూ, యంత్రాల్లో చేతులు పెట్టినవాళ్ళకూ పోయిన భాగాన్ని తిరిగి కట్టిపెట్టే పునర్నిర్మాణ శాస్త్రం ఇందులో పెద్ద భాగం. నేను చూసింది అదే.

శివరాత్రి వెళ్ళిన వారానికి మా కళ్ళంలో మినుములు నూరుస్తున్నారు. బాబాయి భుజం మీది తువ్వాలు జారి బెల్టుకు చిక్కింది. దాన్ని లాగబోయిన కుడిచెయ్యి బెల్టుకూ పుల్లీకీ మధ్య పడింది. ఎముకలు విరగలేదు. కానీ మోచేతి కింది నుంచి వేళ్ళ మొదళ్ళ దాకా పైవైపు చర్మం, చొక్కా చెయ్యి విప్పినట్టు ఊడివచ్చేసింది. మా నాన్న తలగుడ్డ విప్పి గట్టిగా అదిమిపట్టాడు. అది సరైన పనే. ఎవరో కాఫీపొడి తెచ్చి చల్లారు. అది మాత్రం సరైన పని కాదు. ఆ పొడినంతా కడగడానికి ఆస్పత్రిలో చాలాసేపు పట్టింది.

అందరూ బాబాయిని ట్రాక్టరెక్కించి తీసుకుపోయాక నేనూ, పొట్టులో పడివున్న ఆ చర్మమూ మిగిలాం. కుక్కలు ముట్టకుండా ఉండాలని గుడ్డలో చుట్టి గట్టు మీద పాతిపెట్టాను. అలా ఊడిన చర్మాన్ని కూడా తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో కట్టి, ఆ సంచిని ఐసు మధ్య పెట్టి (ఐసు నేరుగా తగలకూడదు) రోగితోపాటు పంపాలని నాకు తర్వాత తెలిసింది. దాని అడుగునున్న కొవ్వు తీసేసి ఒక్కోసారి తిరిగి అదే పుండు మీద పరుస్తారట. బెల్టుకింద నలిగిన చర్మం ఎంతవరకు పనికొచ్చేదో చెప్పలేను. డాక్టరు మాత్రం మొట్టమొదట అడిగిన ప్రశ్న, "ఆ చర్మమేదీ?" అని.

ఇక అసలు విషయం. ఒకే చేతి మీద ఉన్న పుండుకు డాక్టర్లు రెండు రకాల వైద్యం చేశారు. ఎందుకని అప్పట్లో నాకు అర్థం కాలేదు. అర్థమైంది మా వృక్షశాస్త్రం లెక్చరరు అంటు కట్టడం గురించి చెబుతున్నప్పుడు. మాది కడియం నర్సరీలకు దగ్గర ఊరు. అంటు మామిడి మా ఇంట్లో పాఠం కాదు, పని. కొమ్మను కోసి తెచ్చి వేరుమొక్క మీద కట్టడం ఒక పద్ధతి. కొమ్మను తల్లిచెట్టుకే ఉంచి, కుండీలోని వేరుమొక్కను దాని దగ్గరకు చేర్చి, రెండింటికీ చెక్కు తీసి కట్టడం ఇంకో పద్ధతి. అతికాక తల్లిచెట్టు నుంచి కోస్తారు. మనిషి చర్మంతో చేసే పనీ సరిగ్గా ఈ రెండే.

మొదటిది గ్రాఫ్ట్. బాబాయి ముంజేతి మీద కండ బాగానే ఉంది. అక్కడ తొడ మీద నుంచి పలచటి చర్మాన్ని, మిల్లీమీటరులో మూడోవంతు మందాన, పొడుగాటి కత్తితో చెక్కి తెచ్చి పరిచారు. ఇలా కోసి తెచ్చిన చర్మానికి రక్తనాళాలు ఉండవు. మొదటి ఒకటి రెండు రోజులు అది కింది పుండులో ఊరే ద్రవాన్ని పీల్చుకుని బతుకుతుంది, కోసిన కొమ్మ తనలోని రసంతో ప్రాణం నిలుపుకున్నట్టు. రెండు మూడు రోజులకు కింది సన్నటి రక్తనాళాల కొసలు పైచర్మంలోని నాళాల కొసలను కలుసుకుంటాయి. అయిదారు రోజులకు రక్తం నడుస్తుంది. అప్పుడు కట్టు విప్పి చూస్తే గులాబీ రంగు కనబడాలి.

తొడ మీద కోసినచోట ఏమవుతుందని మీకు సందేహం రావాలి. నాకూ వచ్చింది. చర్మాన్ని పూర్తి మందంతో తియ్యరు. వెంట్రుకల కుదుళ్ళూ, చెమటగ్రంథులూ కింద మిగిలేట్టు తీస్తారు. ఆ కుదుళ్ళలోని కణాలే పైకి పాకి రెండు వారాల్లో కొత్త పొర అల్లుతాయి. కోసిన వరిదుబ్బు మళ్ళీ పిలకలు వేసినట్టన్నమాట. బాబాయి మాత్రం చేతికంటే ఆ తొడే ఎక్కువ మండిందనేవాడు. ఒళ్ళు చాలాభాగం కాలినవాళ్ళకు తీసిన చర్మం చాలదు. అప్పుడు దానికి చిన్న చిన్న గాట్లు పెట్టి వలలాగ సాగదీసి పరుస్తారు. ఆ యంత్రాన్ని 1964లో టానర్ అనే ఆయన ప్రచురించాడు. వల కళ్ళ మధ్య చర్మం తనంతట తానే పూడుతుంది, మచ్చ మాత్రం గళ్ళు గళ్ళుగా ఉండిపోతుంది.

గ్రాఫ్ట్ ఎందుకు చెడుతుంది? అంటు ఎందుకు చెడుతుందో అందుకే. మధ్యలో ఏదైనా చేరితే అతకదు. కింద రక్తం గడ్డకట్టినా, నీరు చేరినా పైచర్మానికి ఆహారం అందదు. కట్టు కదిలితే అప్పుడే కలిసిన నాళాలు తెగుతాయి. స్ట్రెప్టోకోకస్ సూక్ష్మజీవి పుండులో ఉంటే, చర్మాన్ని పట్టి ఉంచే జిగురునే కరిగించేస్తుంది. అందుకే పుండు శుభ్రపడేదాకా తొందరపడరు. బాబాయికి అయిదోరోజు కట్టు విప్పినప్పుడు, ముంజేతి మీద రూపాయి బిళ్ళలు రెండు పట్టేంత మేర నల్లబడి ఉంది. కింద నెత్తురు గడ్డ. దాన్ని తీసేసి, మిగిలిన ముక్క అతికించారు. తీసిన చర్మం కొంత దాచి ఉంచుతారని అప్పుడే తెలిసింది. తడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్జులో పెడితే రెండు మూడు వారాల వరకు పనికొస్తుందట.

చేతి వెనకవైపు కథ వేరు. అక్కడ వేళ్ళను చాచే స్నాయువులు బయటపడ్డాయి. వాటి మీద పలచటి పొర ఉంటే గ్రాఫ్ట్ పట్టేది. బెల్టు ఆ పొరనూ ఒలిచేసింది. పొరలేని స్నాయువు మీదా, పొరలేని ఎముక మీదా చర్మం పరవడం బండరాయి మీద నారు పోయడం లాంటిది. అలాంటిచోటికి తన రక్తాన్ని తానే తెచ్చుకునే చర్మం కావాలి. దాన్ని ఫ్లాప్ అంటారు. గజ్జల దగ్గర కొవ్వుతో సహా ఒక పట్టీని మూడువైపులా లేపి, నాలుగోవైపు ఒంటికే ఉంచి, బాబాయి చేతిని అక్కడికి తెచ్చి కుట్టేశారు. మూడు వారాలు ఆ చెయ్యి పొట్టకింద అలాగే ఉండాలి. ఈలోగా చేతి నుంచి ఆ చర్మంలోకి కొత్త నాళాలు పాకుతాయి. తర్వాత గజ్జల దగ్గర తెంచుతారు. ఈ గజ్జల ఫ్లాప్‌ను 1972లో మెక్‌గ్రెగర్, జాక్సన్ అనే ఇద్దరు వివరించారు.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 1597లో ఇటలీలో బొలోన్యా ఆచార్యుడు తాల్యకోజ్జి, జబ్బ చర్మాన్ని ముక్కుకు కుట్టి, చేతిని తలకు కట్టివేసి, అతికాక తెంచేవాడు. తన పుస్తకానికి ఆయన పెట్టిన లాటిన్ పేరులో 'ఇన్‌సిషియో' అనే మాట ఉంది. చెట్లకు అంటు కట్టడానికి వాడే మాటే అది. ఈ సంగతి చదివినప్పుడు మా నాన్నకు చెప్పాను. "మరి మావాళ్ళకు ఆ పుస్తకం ఎవరు రాస్తారు?" అన్నాడు.

రాసినవాళ్ళూ ఉన్నారు. సుశ్రుత సంహితలో, ఆకుతో కొలత తీసుకుని చెంప చర్మంతో ముక్కు కట్టే పద్ధతి ఉంది. తర్వాతి కాలంలో నుదుటి చర్మం వాడారు. టిప్పు సుల్తానుతో 1792లో జరిగిన యుద్ధంలో ఆంగ్లేయ సైన్యానికి ఎడ్లు తోలిన కవాస్‌జీ అనే మనిషిని టిప్పు సైనికులు పట్టుకుని ముక్కూ, ఒక చెయ్యీ కోసేశారు. పూనా దగ్గర ఇటుకలు చేసే కులానికి చెందిన ఒకాయన మైనంతో ముక్కు ఆకారం చేసి, దాన్ని నుదుటి మీద పరిచి గీత గీసి, ఆ మేరకు చర్మం లేపి, కనుబొమల మధ్య ఒక తొడిమ ఉంచి కిందికి తిప్పి ముక్కు కట్టాడు. సుమారు 25వ రోజున తొడిమను తెంచేవారట. 1794 అక్టోబరులో లండన్ 'జెంటిల్‌మన్స్ మ్యాగజైన్' బొమ్మతో సహా దీన్ని అచ్చువేసింది. అది చదివిన కార్ప్యూ అనే సర్జను 1814లో లండన్‌లో అదే ఆపరేషను చేశాడు. ఎడ్లు తోలేవాడి ముక్కు ఐరోపాకు పాఠమయింది గానీ, పాఠం చెప్పిన ఆ చేతుల పేరు ఆ లేఖలో లేదు. ఇది నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

ఇక ఆ మూడు వారాలు. ఫ్లాప్‌కు రెండు గండాలు. రక్తం లోపలికి రాకపోతే తెల్లబడి చల్లబడుతుంది. వచ్చిన రక్తం బయటికి పోకపోతే ఉబ్బి నీలం రంగుకు తిరుగుతుంది. రెండోదే ఎక్కువగా జరుగుతుందట, సిరల గోడలు పలచన కాబట్టి చిన్న మెలికకే మూసుకుపోతాయి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడి, రెండు సెకన్లలో రంగు తిరిగి రావాలి. మా పిన్నికి చదువు రాదు. ఆ పరీక్ష మాత్రం నర్సు ఒక్కసారి చూపితే నేర్చుకుంది. నిద్రలో బాబాయి చెయ్యి లాగుతాడని మంచం పక్కన కూర్చుని రాత్రుళ్ళు గంటగంటకూ నొక్కి చూసేది. నాలుగోరోజు తెల్లవారుజామున నీలంగా కనబడితే, డ్యూటీ డాక్టర్ని లేపుకొచ్చిందీ ఆవిడే. ఆయన రెండు కుట్లు విప్పి, చెయ్యి కింద దిండు సర్ది మెలిక తీశాడు. అంచున ఒక మూల నల్లబడింది, మిగతాది బతికింది.

ఆ ముందురోజు సాయంత్రం బాబాయి బాత్‌రూములో చుట్ట కాల్చిన సంగతి తర్వాత బయటపడింది. పొగాకులోని నికోటిన్ సన్నటి రక్తనాళాలను బిగదీస్తుంది. ఆ మూల నల్లబడింది మెలిక వల్లనా, చుట్ట వల్లనా అన్న వాదన మా ఇంట్లో ఇంకా తెగలేదు.

ఉబ్బిన ఫ్లాప్‌కు ఇంకొక వైద్యం ఉంది. వింటే మీరు నమ్మరు. జలగ! ఊడ్పుల్లో మన పిక్కలు పట్టుకునే ప్రాణే. దాని లాలాజలంలో రక్తం గడ్డకట్టనివ్వని హిరుడిన్ ఉంటుంది. అది తాగేది కొంచెమే అయినా, వదిలాక కాటు గంటల తరబడి ఊరుతూ ఉంటుంది. ఈలోగా కొత్త సిరలు దారి చేసుకుంటాయి. యుగోస్లావియా వైద్యులు దెర్గాంట్స్, జ్ద్రావిచ్ 1960లో దీన్ని ప్రచురించారు. 1985లో బోస్టన్‌లో ఒక చిన్నపిల్లవాడికి తెగిన చెవిని అతికించినప్పుడు జలగలే దాన్ని కాపాడాయి. ఇవి ప్రత్యేకంగా పెంచిన జలగలు. వాటి కడుపులోని ఏరోమోనాస్ బాక్టీరియా పుండుకు పట్టకుండా మందులు కూడా ఇస్తారు. చేలోవి తెచ్చి పెట్టకండి.

ఇప్పుడు పెద్ద ఆస్పత్రుల్లో మూడు వారాలు కట్టేసే అవసరం చాలావరకు తగ్గింది. 1973 నుంచి, చర్మాన్ని దాని నాళాలతో సహా పూర్తిగా తెంచి, దూరాన ఉన్న పుండు దగ్గరి నాళాలకు సూక్ష్మదర్శిని కింద కుట్టడం వచ్చింది. దారం వెంట్రుక కంటే సన్నం. కానీ ఆ కుట్టులో రక్తం గడ్డకడితే ఫ్లాప్ మొత్తం పోతుంది. గంటల్లో కనిపెట్టి తిరిగి థియేటరుకు తీసుకెళ్ళాలి. గజ్జల ఫ్లాప్‌కు అంత సరంజామా అక్కర్లేదు, అందుకే ఇంకా బతికే ఉంది.

అంటు పోలిక ఒకచోట తెగిపోతుంది. ఏ మామిడి కొమ్మయినా ఏ మామిడి మొక్క మీదయినా అతుకుతుంది. మనిషికి పక్కవాడి చర్మం నిలవదు. రెండో ప్రపంచయుద్ధంలో కాలినవాళ్ళకు ఇతరుల చర్మం వేసి, అది కొన్నాళ్ళకు రాలిపోవడం, రెండోసారి ఇంకా తొందరగా రాలిపోవడం చూసి, అది శరీరం చేసే తిరస్కారమని గిబ్సన్, మెడవార్ 1943లో చూపించారు. మెడవార్‌కు 1960లో నోబెల్ వచ్చింది. 1954లో కవలల మధ్య మూత్రపిండం మార్చి గెలిచిన జోసెఫ్ మరే కూడా ప్లాస్టిక్ సర్జనే.

మరోచోట మాత్రం పోలిక భలేగా కుదురుతుంది. ఏ వేరు మీద కట్టినా బంగినపల్లి కొమ్మకు బంగినపల్లే కాస్తుంది కదా. గజ్జల చర్మం చేతికి చేరినా దాని గుణం మానదు. గత రెండేళ్ళలో బాబాయికి పొట్ట వచ్చింది, చేతి వెనకవైపు కూడా పొట్ట వచ్చింది! ఆ చర్మానికి స్పర్శ ఇంకా సరిగా రాలేదు. ఒకసారి టీ గిన్నె అంటుకుని బొబ్బలెక్కినా వాసన వచ్చేదాకా తెలియలేదు. ముంజేతి మీది పలచటి గ్రాఫ్ట్‌కు జిడ్డు ఊరే గ్రంథులు లేవు గనుక పొడిబారి పగులుతుంది, పిన్ని రోజూ కొబ్బరినూనె రాస్తుంది. పలచటి గ్రాఫ్ట్‌కు కాలంతో ముడుచుకుపోయే గుణం ఉంది. మణికట్టు దగ్గర అలా ఒక తాడులా ముడిచి వంగడం తగ్గితే, ఇంగ్లీషు జెడ్ ఆకారంలో కోసి, రెండు త్రికోణాలను అటుదిటు మార్చి కుట్టారు. 60 డిగ్రీల కోణంతో కోస్తే ఆ గీత పొడవు లెక్కప్రకారం మూడువంతులు పెరుగుతుంది. మా మాథ్స్ మిత్రులు నిరూపించి చూడవచ్చు.

అన్నిటికంటే పెద్ద నష్టం చర్మంలో రాలేదు, కీళ్ళలో వచ్చింది. మూడు వారాలు కదలక భుజమూ, వేళ్ళూ బిగుసుకుపోయాయి. రోజుకు నాలుగుసార్లు వేడినీళ్ళలో పెట్టి వంచమన్నారు. నొప్పికి బాబాయి ఎగ్గొట్టేవాడు. ఇప్పటికీ చిటికెన వేలు పూర్తిగా ముడవదు. కొడవలి పట్టగలడు, గట్టిగా బిగించలేడు. అంటు కట్టే చాకు మాత్రం ఎడమచేత్తో నేర్చుకున్నాడు.

చేతి మీది కొవ్వు తీసి పలచన చేసే ఆపరేషను ఇంకొకటి మిగిలి ఉంది. కిందటి వేసవిలో రమ్మన్నారు. కోతల మిషను అప్పు తీరాక వెళ్దామన్నాడు.